తాడుకి ఆ చివర

చేపలమ్మేవాళ్ళకి టౌను గుమ్మాలతో గుర్తుంటుంది. శ్రీకాకుళంలో ఏ గుమ్మంలో వంజరం అడుగుతారో, ఏ గుమ్మంలో చవకగా వచ్చే కవళ్ళతో సరిపెడతారో, ఎవరు పావుగంట బేరమాడి ఏమీ కొనకుండా తలుపేసుకుంటారో బుల్లమ్మకి కంఠతా వచ్చు. తను తిరిగే వీధి చివర మేడమెట్ల పక్కన ‘నొప్పుల ఆస్పత్రి’ అని బోర్డుంది. నొప్పులంటే పురిటినొప్పులే అనుకుంది ఇన్నాళ్ళూ. నిండు చూలాళ్ళని మేడెక్కించడం ఏం బుద్ధి అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్తూ ఆ డాక్టరుని మనసులో తిట్టుకుంది కూడా.

ఆ సోమవారం ఒక ముసలాయన నడుం పట్టుకుని ఆ మెట్లు దిగుతూ ఎదురయ్యాడు.

“ఏటి తాతా, నీకూ నొప్పులేనా?” అని వేళాకోళమాడింది బుల్లమ్మ.

“నొప్పులే. నడుం నొప్పులు,” అన్నాడాయన, చివరి మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుంటూ. “ఏ నొప్పైనా సూత్తాదే ఈ డాక్టరమ్మ. మందు తరవాత. ముందు మనం సెప్పింది నమ్ముతాది.”

ఆ మాట విని బుల్లమ్మ గంప దించేసింది. అమ్మాల్సిన చేపలు ఇంకా సగం ఉన్నాయి. అయినా మెట్లెక్కింది. తన దగ్గర చేపల వాసన వస్తుందని లోపలికి వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడి, “అమ్మా, లేని సెయ్యి నొప్పెడితే సూత్తారా?” అని అడిగింది. అక్కడున్న నర్సు దుర్గ నవ్వలేదు. రేపు పొద్దున్నే తీసుకురమ్మంది.

లేని చెయ్యి ఆమె మొగుడు పోతురాజుది. నిరుడు వేట నిషేధం ఎత్తేసి బోట్లు నీళ్ళలోకి దిగిన కొత్తలో పోయింది. ఆరోజు అల కొట్టి బుల్లమ్మ తమ్ముడు ఎల్లాజీ బోటు మీదనుంచి పడిపోయాడు. వాడి చేతికి వలతాడు అందింది. రెండో కొస పోతురాజు చేతిలో ఉంది. జారిపోతుందని కుడిచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. తాడు చేతికి చుట్టుకోకూడదని పల్లెలో పాకే పిల్లాడికి కూడా తెలుసు. తెలిసే చుట్టుకున్నాడు. ఆ తాడు నీళ్ళలో తిరిగే ఇంజను ఫ్యానులో పడింది. మిగతావాళ్ళు ఎల్లాజీని పైకి లాగేసరికి పోతురాజుకి స్పృహ లేదు. ఆస్పత్రిలో మోచేతి కిందకి తీసేశారు.

చెయ్యి పోయింది గానీ నొప్పి పోలేదు. పిడికిలి బిగుసుకుపోయి ఉందనీ, గోళ్ళు అరచేతిలో దిగిపోతున్నాయనీ, ఎవరైనా విప్పండర్రా అనీ అరిచేవాడు. పెద్ద డాక్టరొకాయన “చెయ్యే లేనప్పుడు గోళ్ళెక్కడివయ్యా?” అన్నాడు. చుట్టూ ఉన్న చిన్న డాక్టర్లు నవ్వారు. ఆ నవ్వు తరవాత పోతురాజు డాక్టర్లకి నొప్పి గురించి చెప్పడం మానేశాడు. ఇంట్లోనే గోడకి ఆనుకుని కూర్చునేవాడు. పల్లెలో గాలి సోకిందన్నారు. మొండిచేతి మీద ఇనపకడ్డీ కాల్చి చురకలు పెట్టించారు. అమ్మవారు పూనే గణాచారి దాలమ్మ మాత్రం మొదట్లోనే, అతను ఆస్పత్రిలో ఉండగానే, కారణం చెప్పేసింది: “సముద్రం అడిగినోడిని ఈడు ఆపినాడు. అందుకే సెయ్యి తీసుకున్నాది. ఆ ఎల్లాజీగాడు ఈ గుమ్మం తొక్కితే మిగతాది కూడా అడుగుతాది. ఆడి పేరు గానీ గొంతు గానీ ఈడి సెవిన పడకూడదు.”

తల్లిదండ్రులు లేని తమ్ముణ్ణి బుల్లమ్మే చంకనేసుకుని పెంచింది. మొగుడి ప్రాణమా, తమ్ముడి ముఖమా అంటే ఏ ఆడది ఏం చేస్తుంది? పోతురాజు ఇంటికి రాకముందే ఎల్లాజీని విశాఖపట్నం హార్బరులో పనికి పంపేసింది. పోతురాజుతో మాత్రం గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకి వెళ్ళాడని చెప్పింది. ఆరోజు నుంచి పల్లెలో ఎవరూ అతని ముందు ఎల్లాజీ పేరెత్తలేదు.

ఇప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మోచేతి పైకి మళ్ళీ కోసేస్తామన్నారు. కోయమని బతిమాలింది పోతురాజే. శనివారం ఆపరేషన్. మిగిలిన చెయ్యి కూడా పోతే అతను మోచేతి మడతలో వల ఇరికించుకుని బాగుచేసుకునే పని కూడా ఉండదని బుల్లమ్మకి తెలుసు. వద్దని ఏ నోటితో అంటుంది? గోళ్ళు దిగుతున్నది తనకి కాదు.

మంగళవారం పొద్దున్న ఎచ్చెర్ల మీదుగా ఆటోలో వస్తున్నంతసేపూ గాలి తగలకుండా మొండికి తువ్వాలు చుట్టి పట్టుకుని కూర్చుంది. గాలి తగిలినా అతనికి నిప్పు పెట్టినట్టే ఉంటుంది.

డాక్టరు కుమారి యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని, దానికోసం బల్లంతా వెతుక్కుంటోంది. వీళ్ళు లోపలికి రాగానే కుర్చీలోంచి లేచి, చిన్న పీట తెచ్చుకుని పోతురాజు ముందు అతనికంటే కిందగా కూర్చుంది. రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకుంది.

“ముట్టుకోవచ్చా బావూ?” అని అడిగింది.

ఇన్ని ఆస్పత్రులు తిరిగారు గానీ ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పోతురాజు తల ఊపాడు. ఆమె మొండి జోలికి పోలేదు. ముందు ఎడమచెయ్యి అందుకుంది. ఒక్కొక్క వేలూ విప్పి, కాయలు కాసిన చోట నొక్కి, మణికట్టు తిప్పి, భుజం దాకా వెళ్ళింది. మెడ తడిమింది. అటు భుజం మీంచి మెల్లగా కుడివైపు దిగింది. మొండి దగ్గరికి వచ్చేసరికి పోతురాజు వెనక్కి లాక్కోవడం మరిచిపోయి ఉన్నాడు.

తువ్వాలు విప్పగానే చురకల మచ్చలు కనబడ్డాయి. బుల్లమ్మ తువ్వాలు మళ్ళీ కప్పబోయింది. చదువుకున్నవాళ్ళు ఇవి చూస్తే ఎలా తిడతారో ఆమెకి తెలుసు. కుమారి ఒక మచ్చ పక్కన వేలు పెట్టింది.

“మా అయ్య నడుం నిండా ఇవే. శ్రీముఖలింగం దగ్గర మా పొలం. ఊడుపులప్పుడు నడుం పట్టీసేది. సురకలు ఎట్టించుకోకు అయ్యా అంటే, కాలిన నొప్పి నలుగురికీ కనబడుతాది గదే, కనబడని నొప్పికంటే అదే నయం అనీవోడు.” ఆమె మాటలో అయ్య మీద బెంగ ఉంది గానీ వీళ్ళమీద కోపం లేదు. “ఇప్పుడు సెప్పు. పిడికిలి ఎలాగున్నాది?”

పోతురాజు ఆమె పెదాల వైపే చూశాడు, నవ్వు వస్తుందేమోనని. “గోళ్ళు గుచ్చుకుంటన్నాయమ్మా.”

“బొటనేలు పైనున్నాదా, లోపలున్నాదా?”

అతను ముందుకి వంగాడు. “లోపలమ్మా. నాలుగు వేళ్ళ కింద. ఆ బొటనేలే ముందు ఇరిగిపోతన్నట్టుంటాది.”

“ఉంటాది మరి,” అందామె. నెత్తిమీద చెయ్యి పెట్టుకుని అక్కడ దొరికిన కళ్ళజోడు పెట్టుకుని రాసుకుంది. గోడ వైపు తిరిగి బుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు వచ్చింది. ఆ చెయ్యి ఉందని తన ఇంటి బయట మొదటిసారి ఒకరు ఒప్పుకున్నారు.

శనివారం సంగతి విని కుమారి కలం పక్కన పెట్టేసింది. తరవాత నెమ్మదిగా చెప్పింది: “మన తలలో ఒక్కో అవయవానికీ ఒక్కో గదుంటాది బావూ. నీ సెయ్యి పోయినాది గానీ దాని గది అలాగే ఉన్నాది, దీపం కూడా ఆరలేదు. కింద ఎంత కోసినా ఆ గదికి తెలీదు. అలాగని నీది ఉత్త భ్రమ అనట్లేదు. నొప్పి నొప్పే. శుక్రవారం దాకా నన్ను సూడనియ్యి. కొయ్యాలంటే ఎప్పుడైనా కొయ్యొచ్చు. కోసింది అతకలేం.”

బుధవారం మెడ పక్కన నరాల గుంపు దగ్గర సూది వేసింది. తెరమీద లోపలి బొమ్మ చూసుకుంటూ, సూది వెంట్రుకవాసి కదిపినప్పుడల్లా ముందుగా చెప్తూ వేసింది. బయట బల్లమీద ఎదురుచూస్తున్న బుల్లమ్మకి దుర్గ టీ తెచ్చిచ్చింది.

“ఈవిడ ముందర మత్తు డాక్టరు,” అంది దుర్గ. “ఆపరేషన్ ముందు నిద్రపుచ్చీది, లేసీసరికి ఇంకో కేసుకి ఎలిపోయీది. ఎవులికీ ఈవిడ ముఖం గుర్తుండేది కాదు. ఒకసారి ఒళ్ళు కాలిన ఆవిడ ఈవిడ సెయ్యి పట్టుకుని, నిద్రపుచ్చుతావు సరే, లేసినాక నాకెవులున్నారమ్మా అన్నాదట. అది పట్టుకున్నాది మనిషిని. అంత వయసొచ్చినాక మళ్ళీ సదువుకెల్లినాది ఈ నొప్పుల సదువు కోసం. ఇంట్లోవోళ్ళు పిచ్చన్నారు.”

సూదికి చెయ్యి మంట తగ్గింది. గాలి తగిలినా అతను ఉలిక్కిపడలేదు. పిడికిలి మాత్రం విడలేదు. అప్పుడు కుమారి బుల్లమ్మని కూడా లోపలికి పిలిచి, ఒక అద్దం తెచ్చి బల్లమీద నిలబెట్టింది. మొండి అద్దం వెనక్కి పోయింది. ఎడమచెయ్యి ముందుంది. పక్కనుంచి చూస్తే అద్దంలో అచ్చంగా కుడిచెయ్యి కనబడింది. దాన్ని చూసి బుల్లమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

“రెండు సేతులూ ఉన్నాయనుకుని, అద్దంలోకి సూస్తూ, మెల్లగా పిడికిలి విప్పు బావూ.”

అతను విప్పాడు. ముడిచాడు. మళ్ళీ విప్పాడు. నుదుటిమీద చెమట పట్టింది. “అద్దంలోది తెరుసుకుంటన్నాది. నాది తెరుసుకోట్లేదు,” అని తల తిప్పేసుకున్నాడు.

ఎందరికో ఇది పనిచేసిందని ఆమె చెప్పొచ్చు. నువ్వు సరిగ్గా చూడలేదనొచ్చు. అలా తప్పు రోగి మీదకి నెట్టేసే డాక్టర్లని బుల్లమ్మ చాలామందిని చూసింది. కుమారి అద్దం పక్కకి తీసేసింది.

“తప్పు నీది కాదు. అడగాల్సింది నేనేదో అడగలేదు. రేపు రా,” అంది.

ఆటోలో పోతురాజు “శనివారం కోయించుకుందాం,” అన్నాడు. 

గురువారం డాక్టరమ్మ సూదీ తియ్యలేదు, అద్దమూ తియ్యలేదు. తలుపు దగ్గరగా వేసి, అదే పీటమీద కూర్చుని, అతను టీ తాగేదాకా ఊరుకుంది.

“ఆ పిడికిట్లో ఏటున్నాది బావూ?” అని అడిగింది.

పోతురాజు గ్లాసు కింద పెట్టాడు. బుల్లమ్మ కూడా తలెత్తి చూసింది. పిడికిలి బిగిసిందని ఇన్నాళ్ళూ విన్నది గానీ, దాన్లో ఏముందో అడగాలని ఆమెకి తోచలేదు.

“తాడమ్మా,” అన్నాడతను.

“ఆ చివరేటున్నాది?”

పోతురాజు మొండివైపు చూసుకున్నాడు. కుమారి తొందరపెట్టలేదు.

“ఎల్లాజీ.”

బుల్లమ్మ ఉలిక్కిపడి మొగుడి చేతివైపు చూసింది, అది కూడా అక్కడికక్కడ రాలిపోతుందేమోనన్నట్టు. ఏమీ కాలేదు. అతను మాట్లాడుతున్నాడు. “ఆడు నీళ్ళలో ఉన్నాడు. తాడు ఇడిసీడానికి లేదు, ఒగ్గీడానికి లేదు. ఒగ్గీకూడదనే సుట్టుకున్నాను. ఏటి లాభం? నాను ఒగ్గకపోయినా ఆడు పోయినాడు.”

“పోయినాడా?” అని కుమారి బుల్లమ్మ వైపు తిరిగింది.

బుల్లమ్మ మొగుడి ముందుకి వచ్చింది. “ఆడు పోయినాడని నీకెవులు సెప్పినారు మావా?”

“ఎవులు సెప్పాలే?” అన్నాడు పోతురాజు. కోపంగా కాదు, అలసిపోయి. “నాను ఆస్పత్రినుండి వొచ్చినాను. ఆడు రాలేదు. ఎరావల్ ఎల్లినాడన్నావు. ఎరావల్ ఎల్లినోడు ఒక్క ఫోను సెయ్యడేటి? ఊళ్ళో ఎవులూ ఆడి పేరెత్తరు. ఆడి సొక్కా తీసి సూసుకుని నువ్వు పెరట్లోకెల్లి ఏడిసినావు, నాను సూడలేదనుకున్నావా? పోయినోడి కోసం గాక బతికున్నోడి కోసం అలాగ ఏడుత్తారేటి? తట్టుకోలేనని దాసినారనుకున్నాను. నాను కూడా దాసుకున్నాను.”

బుల్లమ్మ నేలమీద చతికిలబడి గణాచారి మాట, హార్బరు పని, తను ఆడిన అబద్ధం అన్నీ చెప్పేసింది. మొగుడు దక్కాలని తమ్ముణ్ణి వెళ్ళగొట్టింది. వాడు చచ్చిపోయాడనుకుని మొగుడు ఇన్నాళ్ళూ ఆ తాడు పట్టుకుని కూర్చున్నాడు. చెప్తుంటే తన నోరే తనకి విషమనిపించింది.

కుమారి దాలమ్మని ఒక్క మాట అనలేదు. బుల్లమ్మనీ అనలేదు. వంగి ఆమె భుజం పట్టుకుని లేపింది. “మంచి జరగాలనే సేసినావు. ఇప్పుడు ఫోను సెయ్యి.”

స్పీకర్లో హార్బరు గోల వినబడింది. దాని మధ్యలోంచి “అప్పా, ఏటైనాది? బావకేటైనాది?” అని అక్కని అడుగుతున్న ఎల్లాజీ గొంతు వచ్చింది. ఆ గొంతు విని పోతురాజు ఫోనుని ఎడమచేత్తో చెవికి అదుముకున్నాడు.  ఫోను పెట్టేశాక కూడా మొండివైపే చూస్తూ, “ఇంకా బిగుసుకునే ఉన్నాది,” అన్నాడు.

“గొంతు సాల్దు మరి. మనిషి రావాల,” అంది కుమారి. బుల్లమ్మ వైపు చూసి, “ఇంట్లో వలతాడుంటే ఒక ముక్క తీసుకురా,” అంది.

ఆ సాయంత్రం బుల్లమ్మ అన్నం వండి, తినలేక కూర్చుంది. సముద్రం మిగతాది అడుగుతుందంది దాలమ్మ. కానీ మిగతాది శనివారం కత్తికి ఇవ్వడానికి తామే ఒప్పుకున్నారు కదా. ఎలాగూ పోయేదానికి ఇంకా భయమెందుకు అనుకుంది. లేచి, పొద్దున్నే ఆస్పత్రికి రమ్మని ఎల్లాజీకి ఫోను చేసి, చూరుకి వేలాడుతున్న తాడు దించి, మూరెడు మూరెడు కొలుచుకోకుండా ఉన్నదంతా చుట్టి సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం వీళ్ళు వెళ్ళేసరికి ఎల్లాజీ మేడమెట్ల కిందే నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. బావని చూసి ముందుకి రాబోయి, అప్ప ఏమంటుందోనని ఆగిపోయాడు. పోతురాజే దగ్గరికి వెళ్ళాడు. ఎడమచేత్తో వాడి చెంప, చెవి, మెడ తడిమాడు, చేప తాజాదో కాదో చూసినంత జాగ్రత్తగా. “బతికే ఉన్నావురా,” అన్నాడు. ఎల్లాజీ బొటబొటా కన్నీళ్ళు కార్చాడు.

పైన అద్దం మళ్ళీ బల్లమీదకి వచ్చింది. మొండి అద్దం వెనకాల పెట్టుకుని, పోతురాజు ఎడమచేత్తో తాడు కొస పట్టుకున్నాడు. అద్దంలో కుడిచెయ్యి తాడు పట్టుకుంది. కుమారి రెండో కొస ఎల్లాజీకిచ్చి గదికి అవతలి మూలకి పంపింది.

“ఆరోజు నువ్వు ఎలాగొచ్చీవోడివో అలాగే రా నాయనా. తాడు పట్టుకుని, సేతిమీద సెయ్యేసుకుని. తొందరేటీ లేదు. బావూ, నువ్వు అద్దంలోనే సూడు.”

ఎల్లాజీ తాడుని బిగువుగా పట్టి లాగాడు. ఆ లాగుకి పోతురాజు భుజం గట్టిపడింది. దవడ బిగిసింది. అద్దంలో పిడికిలి తెల్లబడింది. ఎల్లాజీ ఒక చెయ్యి వేశాడు, ఇంకో చెయ్యి వేశాడు, ఒక అడుగు వచ్చాడు. బుల్లమ్మ గోడకి అంటుకుపోయి దేవుళ్ళందరినీ తలుచుకుంటోంది. దుర్గ తలుపు దగ్గర కదలకుండా నిలబడింది. కుమారి మాత్రం తాడుని గానీ ఎల్లాజీని గానీ చూడట్లేదు. పోతురాజు ముఖమే చూస్తోంది, మత్తులోకి వెళ్ళే మనిషి ఊపిరిని కాసుకున్న రోజుల్లో చూసినట్టు.

ఎల్లాజీ బల్ల దగ్గరికి వచ్చాడు. తాడు అయిపోయింది. వాడి చెయ్యి బావ పిడికిలిమీద పడింది. అద్దంలో కుడి పిడికిలిమీద పడింది.

“నాను బోటెక్కీసినాను బావా,” అన్నాడు. ఈ మాట వాడికి ఎవరూ నేర్పలేదు. “మరి ఒగ్గీయ్. ఒగ్గీయ్ బావా.”

ముందు చూపుడువేలు లేచింది. తరవాత మిగతావి. కింద అణిగిపోయిన బొటనవేలు ఆఖరిని వచ్చింది. తాడు బల్లమీద పడింది. అద్దంలో అరచెయ్యి వెల్లకిలా తెరుచుకుని ఉంది. పోతురాజు దాన్ని చూస్తూ, ఊపిరి బిగబట్టి, ఎక్కడో లోపల వెతుక్కుంటున్నవాడిలా ఉన్నాడు.

“ఇడిసినాది,” అన్నాడు.  “అమ్మా, బొటనేలు బయటికొచ్చినాది.”

కుమారి పీటమీద కూలబడి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. డాక్టర్లు ఏడవకూడదని ఎవరైనా అంటారేమో గానీ, బుల్లమ్మ ఆరోజునుంచి అలాంటి మాట ఒప్పుకోదు. తరవాత కుమారి ఉన్నమాట చెప్పింది. ఇది ఒక్కరోజుతో అయిపోయేది కాదు. మళ్ళీ బిగుసుకుంటుంది. బిగుసుకున్నప్పుడల్లా అద్దం, తాడు, ఎల్లాజీ. మాత్రలు మానకూడదు. రానురాను పట్టు సడలుతుంది. పోతురాజు అంతా విని, శనివారం రావట్లేదని ఆ ప్రైవేటు ఆస్పత్రికి అక్కణ్ణుంచే ఫోను చేయించాడు.

“ఇంటికెల్దాం పదే,” అన్నాడు పెళ్ళాంతో. “ఆడికి కూడెట్టు.”

ఆటో దిగేసరికి మధ్యాహ్నం ఎండ ఇసకమీద మండిపోతోంది. ఎదురింటి అరుగుమీద దాలమ్మ కూర్చుని ఉంది. ఎల్లాజీని చూసి లేవబోయి, వాడి పక్కన పోతురాజుని చూసి మళ్ళీ కూర్చుంది. బుల్లమ్మ తలొంచుకుని నడిచింది. తలుపు తీసి లోపలికి వెళ్ళింది. పోతురాజు వెళ్ళాడు. ఎల్లాజీ గుమ్మం బయటే ఆగిపోయాడు. ఆ గుమ్మం తొక్కొద్దని వాడి చేత ఒట్టేయించుకున్నది అప్పే.

బుల్లమ్మ వెనక్కి తిరిగింది. రమ్మందామని నోరు తెరిచింది గానీ ఎదురింటి అరుగుమీద దాలమ్మ కనబడి ఆగిపోయింది.

“ఏటిరా అలాగ నిలబడిపోనావు? రా,” అని పోతురాజు వాణ్ణి లోపలికి లాగడానికి చెయ్యి చాచాడు. మరిచిపోయి కుడిచెయ్యే చాచాడు. మొన్నటిదాకా గాలి సోకకుండా తువ్వాలు చుట్టిన ఆ చెయ్యి గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళింది. ఎల్లాజీ ఒక్క క్షణం దాన్ని చూశాడు. రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దాటాడు.